ఏడో తరగతి పుల్లమ్మ

శనివారం పొద్దున సత్యభామ మేడం సెమినార్‌కు ఎవరైనా నవ్వు మొహంతో వచ్చారంటే, ఆ వారం వాళ్ళ క్లాసు బాగా జరిగిందని అర్థం. మేడం ముందు వాళ్ళనే పట్టుకునేవారు.

బీఈడీ రెండో ఏడు విద్యార్థులు వారమంతా బళ్ళలో పాఠాలు చెప్పి, శనివారం కాలేజీకి వచ్చి కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చునేవారు. ఆ వారం క్లాసులో ఏం జరిగింది, ఎక్కడ తడబడ్డారు, దాన్నించి ఏం తెలుసుకున్నారు అన్నది ఒక్కొక్కరే చెప్పాలి. మిగతావాళ్ళు విని సలహాలివ్వాలి. సెమినార్ ఇంగ్లీషులో నడిచేది, నడుమ నడుమ కన్నడం. తెలుగువాళ్ళెవరైనా దొరికిపోయేలా ఉంటే మేడం తెలుగులోకి దిగేవారు. ఆవిడ పుట్టింది హిందూపురంలో. తెలుగులో ఆవిడ నుంచి తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు.

చైత్ర చిక్కపేట పిల్ల. వాళ్ళది తాతల నాటి చీరల కొట్టు. ఆ కొట్టులోనే ఆడుకుంటూ పెరిగింది కాబట్టి, మెట్లెక్కుతున్న మనిషి మొహం చూసి ఏ చీర విప్పాలో చెప్పగలదు. ఎవరికి ఏ మాట చెబితే నవ్వుతారో తెలుసు. బళ్ళో ఏడో తరగతి ముందు నిలబడగానే ఆ విద్యంతా పనికొచ్చింది. సైన్సు పాఠం చెప్తుంటే పిల్లలు బెంచీల మీద నిలబడి మరీ చేతులెత్తేవారు. ఆ బళ్ళో సగంమంది ఇంటిభాష తెలుగే కావడంతో, పాఠం ఇంగ్లీషులో చెప్పినా జోకు తెలుగులో వేసేది.

"బాగా జరిగింది మేడం," అంది మొదటి శనివారం.

"ఎంత బాగా?"

"పిల్లలంతా చేతులెత్తినారు మేడం."

"అంతానా?"

"అంటే, దాదాపు అంతా."

"ఆ దాదాపులో ఎవరుండారమ్మా?" అన్నారు మేడం తెలుగులోకి దిగి.

కష్టం లేని క్లాసు ఉండదని, కనబడలేదంటే చూడలేదనే అర్థమని మేడం చాలాసేపు చెప్పారు. ఆ తర్వాతి వారం కూడా అదే పాట. చైత్రకు తల కొట్టేసినట్టయింది.

అదే రోజు స్టాన్లీకి మాత్రం చప్పట్లు పడ్డాయి. స్టాన్లీది ఒంగోలు. కుందలహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అది తనే మానేశానని చెప్పుకుంటూ బీఈడీలో చేరాడు. చైత్ర చెప్పే బళ్ళోనే లెక్కలు చెప్పేవాడు. భిన్నాలు చెప్తూ తాను ఎలా గందరగోళపడ్డాడో, పిల్లలు ఎలా జాలిగా చూశారో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఇదీ ఆత్మపరిశీలన అంటే, అన్నారు మేడం.

"నిజంగా అంత ఏడుపు వచ్చిందా నీకు?" అని చైత్ర బయటికొచ్చాక అడిగింది.

"లేదు. క్లాస్ సూపర్‌గా వెళ్ళింది."

"మరి?"

"ఇది అప్రైజల్ లాంటిది చైత్రా. మా ఆఫీసులో అంతా బాగుందని చెప్తే రేటింగ్ ఇచ్చేవాళ్ళు. ఇక్కడ అంతా పోయిందని చెప్తే ఇస్తారు. సిస్టమ్ ఒకటే."

ఆ మాట చైత్ర మనసులో నాటుకుంది. మరుసటి శనివారం తన వంతు రాగానే తల వంచుకుని, "మా క్లాసులో ఒక పిల్ల ఉండాది మేడం. పుల్లమ్మ," అంది.

ఆ పేరే ఎందుకు వచ్చిందంటే, ముందురోజు సాయంత్రం కొట్టుకు పుల్లమ్మ అనే పాత ఖాతాదారు ముసలామె వచ్చి, వేలితో చూపిస్తూ కొట్టు మూసేదాకా చీరలు తీయించి, ఒక్కటీ కొనకుండా, ఒక్క మాటా మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది. చైత్ర ఆ మౌనాన్నంతా తీసుకెళ్ళి ఒక ఏడో తరగతి పిల్లకు తగిలించింది. ఎంత అడిగినా నోరు విప్పదు. నవ్వదు. జోకు వేస్తే ఎటో చూస్తుంది.

"ఈ కాలంలో పుల్లమ్మ అని పేరా?" అన్నారు మేడం.

"అవ్వ పేరంట మేడం."

మేడం కుర్చీ ముందుకు జరుపుకున్నారు. సెమినార్ మొత్తం పుల్లమ్మ మీద పడింది. జెస్సీ ఆ పిల్ల చోటు మార్చి చూడమంది. శశిధర్ సుద్దముక్కలు తెచ్చే పని ఇవ్వమన్నాడు. ఇంట్లో ఏమన్నా కష్టముందేమో కనుక్కోమన్నారు మేడం. చైత్రకు మొదటిసారి మెప్పు దక్కింది. అంతలో స్టాన్లీ చెయ్యెత్తాడు.

"మేడం, నా మ్యాథ్స్ క్లాసులో కూడా ఆ అమ్మాయి సేమ్ అలాగే ఉంటుంది. కాకపోతే లెక్క చేసేటప్పుడు చిన్నగా కూనిరాగం తీస్తుంది."

మేడం కళ్ళు మెరిశాయి. చైత్ర కళ్ళు నిప్పులు కురిశాయి.

"నా పుల్లమ్మను నువ్వు యాల ముట్టినావు?" అని తర్వాత ఇడ్లీ తింటూ నిలదీసింది.

"షేర్డ్ రిసోర్స్ కదా," అన్నాడు స్టాన్లీ, ఆమె ప్లేటులోని చట్నీ కూడా తీసుకుంటూ.

చైత్ర ఊరుకునే మనిషి కాదు. తర్వాతి శనివారం చాలా బాధగా, "ఆ కూనిరాగం కూడా ఆగిపోయింది మేడం. స్టాన్లీ సార్ గట్టిగా కసిరినాడంట," అంది. ఒక పసిమనసు గాయపడినందుకు స్టాన్లీ ఆ పూటంతా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అతనూ ఊరుకోలేదు. ఆ పై వారం, పుల్లమ్మది ఎడమచేతి వాటమని, చైత్ర మిస్ బలవంతంగా కుడిచేత్తో రాయిస్తున్నదని బయటపెట్టాడు. అలా ఇద్దరూ పుల్లమ్మను అటూ ఇటూ లాగుతుంటే, ఆ పిల్లకు వారానికో కొత్త గుణం పుట్టుకొచ్చింది. సెమినార్‌లో మిగతావాళ్ళు తమ క్లాసుల సంగతి మరచిపోయి పుల్లమ్మ కోసమే వచ్చేవారు. ఒక మంగళవారం మేడం చైత్రకు ఫోన్ చేసి, "ఈ పొద్దు అన్నమన్నా తినిందా ఆ బిడ్డ?" అని అడిగారు. తినిందని చెప్పి చైత్ర ఫోన్ పెట్టేసింది. ఆ రోజు తనకు మాత్రం అన్నం సయించలేదు.

చివరికి మేడం అనవలసిన మాట అననే అన్నారు. "గురువారం మీ బడికి వస్తా. ఆమె ఎవరని నాకు చూపించొద్దు. వెనక కూర్చొని నేనే కనుక్కుంటా."

ఇద్దరూ బయటికొచ్చారు. నిజం చెప్పేద్దామని చైత్ర అంది. స్టాన్లీ ఒప్పుకోలేదు. అతనికి అప్పటికే ఉపాయం తట్టింది.

"మన క్లాసులో వరూధినిని పుల్లమ్మగా పెడదాం."

"ఆ పిల్ల నిద్రలో కూడా మాట్లాడతాదప్పా."

"ఒక్క పీరియడే కదా. యాక్టింగ్ అంటే ఇంట్రెస్ట్ అంది. నేను ట్రైనింగ్ ఇస్తా."

గురువారం మేడం వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. కిటికీ పక్కన వరూధిని జుట్టు మొహం మీదికి వేసుకుని, భుజాలు ముడుచుకుని, ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చుంది. మొదట కాసేపు బాగానే నెట్టుకొచ్చింది. చైత్ర ఉష్ణం పాఠం చెప్తూ, "వేడి పాలలో స్టీలు చెంచా పెడితే పిడి యాల కాలుతుంది?" అని అడగగానే వరూధిని కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. ఎడమచెయ్యి దాన్ని పట్టుకుని కిందికి లాగింది. పెదవులు బిగించుకుంటే బుగ్గలు పొంగాయి. పక్కనున్న పిల్ల వంగి చూసి, "పంటినొప్పా?" అని అందరికీ వినబడేలా అడిగింది. క్లాసంతా పకపకా నవ్వింది. చైత్ర బోర్డు వైపు తిరిగి, రాయడానికి ఏమీ లేకపోయినా రాసింది.

గంట కొట్టాక మేడం వరండాలోకి వచ్చారు. స్టాన్లీ అప్పటికే అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూసినా చైత్రా, నీ పుల్లమ్మను," అన్నారు మేడం. గొంతు మెత్తగా ఉంది.

"కిటికీ పక్కన కదా మేడం," అన్నాడు స్టాన్లీ.

"కిటికీ పక్కన పిల్లకు కడుపునొప్పో ఏమో, ఎవరన్నా కనుక్కోండి. ఆమె కాదు. అట్ల స్తంభం వెనక, రెండు జడలేసుకున్న పిల్ల. పీరియడంతా ఆమెనే చూస్తా ఉన్నా. అచ్చం నువ్వు చెప్పినట్లే ఉండాది." మేడం చైత్ర భుజం మీద చెయ్యి వేశారు. "నువ్వు ఒక్కసారన్నా ఆ పక్కకు తిరగలేదు. భయపడినావు. నాకు అర్థమవుతాది."

మేడం వెళ్ళిపోయారు. ఇద్దరూ తిరిగి క్లాసులోకి తొంగి చూశారు. స్తంభం వెనక నుంచి ఒక జడ కొస మాత్రం కనబడుతున్నది.

"ఆ పిల్ల పేరేంటి?" అంది చైత్ర.

స్టాన్లీ తల గోక్కున్నాడు. "నాకూ తెలీదు."

మరునాడు అన్నం బెల్లు కొట్టాక చైత్ర వెళ్ళి ఆ బెంచీలో కూర్చుంది. ఆ పిల్ల పెరుగన్నంలో మామిడికాయ ఊరగాయ నంజుకుంటూ ఒకసారి చూసి, డబ్బా కొంచెం పక్కకు జరిపి చోటిచ్చింది.

"నీ పేరేంది?"

"వెంకటలక్ష్మి. ఇంట్లో చిన్ని అంటారు." గొంతు మామూలుగానే ఉంది, కాస్త బొంగురు. హొసకోటె నుంచి ఈ ఏడే వచ్చామంది.

"క్లాసులో ఎప్పుడూ మాట్లాడవు యాల?"

"మీరు అడగలేదు కదా మిస్. చేతులెత్తినోళ్ళనే అడుగుతారు."

"నువ్వూ ఎత్తొచ్చు కదా."

"స్తంభం అడ్డం. మొదట్లో ఎత్తి చూసినా. కనపడలేదు. నిలిపేసినా."

చైత్ర తలెత్తి చూసింది. అక్కడి నుంచి బోర్డు సగమే కనబడుతున్నది. తాను రోజూ నిలబడే చోటు అసలే కనబడటం లేదు.

చిన్ని ముద్ద మింగి, "నిన్న వరూధిని బాగా చేయలే," అంది.

"ఏం చేయలే?"

"మాట్లాడని పిల్ల వేషం. మాట్లాడనోళ్ళు తల దించుకొని కూర్చోరు మిస్. అంతా చూస్తా ఉంటారు."

"అది వేషమని నీకెట్ల తెలిసె?"

"స్టాన్లీ సార్ ఆమెకు నేర్పించింది స్తంభానికి ఆ పక్క. నేను ఈ పక్క ఉండా."

చైత్రకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి, జరిగిందంతా ఆ పిల్లకే చెప్పేసింది. చిన్ని డబ్బా మూత పెట్టి, చాలా శ్రద్ధగా విన్నది. ఒక్క విషయానికి మాత్రం మొహం చిట్లించింది.

"పుల్లమ్మ పాడతాదా?"

"అది స్టాన్లీ సార్ పెట్టినాడు."

"నాకు పాటలు రావు. అది తీసేయండి."

సోమవారం నుంచి చిన్ని స్తంభానికి ముందు బెంచీలో కూర్చుంది. అడిగితే ఒక మాటలో జవాబు చెప్పేది. లేచి నిలబడి అందరి ముందు చెప్పమంటే మాత్రం తల అడ్డంగా ఊపేది. చైత్ర బలవంతపెట్టలేదు. శుక్రవారాలు అన్నం తినేటప్పుడు మాత్రం చిన్నికి మాటలే మాటలు. ఈసారి పుల్లమ్మ ఏం చేయాలో అప్పుడే తేలేది.

"ఒక్క మాట మాట్లాడిందని చెప్పండి మిస్."

"ఏం మాట?"

"అది చెప్పొద్దు. ఆమె చెప్పింది సరిగ్గా వినపడలేదనండి. వచ్చే వారం దాకా వాళ్ళు తలకాయలు బద్దలు కొట్టుకుంటారు."

అలాగే జరిగింది. ఆ మాట 'నీళ్ళు' అయ్యుంటుందని శశిధర్, 'అమ్మ' అయ్యుంటుందని జెస్సీ వాదించుకున్నారు. మేడం ఇద్దరినీ ఆపి, ఆ మాట ఏదైనా ముందు మనం దాన్ని వినేవాళ్ళం కావాలన్నారు. అందరూ రాసుకున్నారు. చైత్ర సోమవారం ఆ సంగతి చెబితే చిన్ని బెంచీ కింద తల దూర్చి నవ్వింది.

ఆఖరు పాఠం రోజు వచ్చింది. మార్కులు వేయడానికి మరో కాలేజీ నుంచి ఓబళప్ప అనే పెద్దాయన వచ్చారు. నెమ్మదైన మనిషి, ఖద్దరు చొక్కా. మేడం దారిపొడుగునా ఆయనకు పుల్లమ్మ కథ చెప్తూనే తీసుకొచ్చారని, లోపలికి రాగానే ఆయన కళ్ళు ఎవరికోసమో వెతకడం చూసి చైత్రకు తెలిసిపోయింది.

పాఠం చక్కగా సాగింది. చివర ఓబళప్పగారు లేచి బెంచీల నడుమకు వచ్చారు. మేడం చూపిన పిల్ల దగ్గర ఆగి, వంగి, "ఏమమ్మా పుల్లమ్మా, మిస్ చెప్పిన పాఠం అర్థమయిందా?" అని అడిగారు.

చిన్ని చైత్ర వైపు చూసింది. చైత్ర వద్దని సైగ చేయలేకపోయింది. చిన్ని లేచి నిలబడింది.

"నా పేరు పుల్లమ్మ కాదు సార్. వెంకటలక్ష్మి."

ఆ బొంగురు గొంతు తలుపు దాకా వినబడింది. క్లాసంతా వెనక్కు తిరిగింది.

"మరి పుల్లమ్మ ఎవరు?" అన్నారాయన.

"పుల్లమ్మ లేదు సార్. శనివారం చెప్పుకొనేదానికి మా మిస్ చేసింది. పాటలు స్టాన్లీ సార్ పెట్టినాడు." కాస్త ఆగి, న్యాయంగా చెప్పాలి కాబట్టి అన్నట్టు, "ఒక్క మాట మాట్లాడింది మాత్రం నేను పెట్టినా," అంది.

"మొదట పుల్లమ్మ నేనే సార్," అంది కిటికీ పక్క నుంచి వరూధిని.

ఓబళప్పగారు మేడం వైపు చూశారు. మేడం చైత్ర వైపు చూశారు. చైత్రకు చెవులు కాలిపోతున్నాయి. డిగ్రీ పోయిందనుకుంది. కొట్టులో కూర్చుని చీరలు మడతపెడుతున్న తన రూపం కళ్ళ ముందు నిలిచింది. కానీ మొన్నటిదాకా స్తంభం వెనకున్న పిల్ల అంతమంది మధ్య తల ఎత్తుకుని నిలబడి ఉండటం కూడా కనబడుతున్నది. భయపడవలసిన చోట ఆమెకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు మేడం చూడనే చూశారు.

"కూర్చోమ్మా," అన్నారు ఓబళప్పగారు.

"పాఠం అర్థమయిందా అని అడిగినారు కదా సార్. అయింది," అని చెప్పి చిన్ని కూర్చుంది.

వరండాలో మేడం కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ పొద్దు స్తంభం వెనక నేను చూసిన పిల్ల ఈమేనా?"

"అవును మేడం."

"అప్పుడు నోరు విప్పలేదు."

"లేదు మేడం."

"ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు." మేడం సంచి భుజానికి తగిలించుకున్నారు. "మార్కులు ఓబళప్పగారి ఇష్టం. నా సంగతి శనివారం."

శనివారం స్టాన్లీ జ్వరమొచ్చిందని మెసేజ్ పెట్టాడు. మేడం ఏం జవాబిచ్చారో తెలియదు గానీ, సెమినార్ మొదలయ్యేలోపే పరుగెత్తుకొచ్చి కూర్చున్నాడు. చైత్ర లేచి, ముసలామె చీరలు తీయించిన రోజు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది.

"మా ఆయన రోజూ అడుగుతాడు, పుల్లమ్మ ఎట్లుండాదని," అన్నారు మేడం చివరికి. "ఆయనకిప్పుడు ఏం చెప్పాల?"

నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

"ఇట్లాంటి బిడ్డలు ఇంకెవరి క్లాసులో ఉండారు? ఇప్పుడే చెప్పేయండి."

జెస్సీ చెయ్యి సగం ఎత్తింది. "మా క్లాసులో మునిస్వామి లేడు మేడం."

"పెన్సిళ్ళు నమిలే మునిస్వామా? వాడికోసం నేను పళ్ళ డాక్టర్ని అడిగినా కదమ్మా."

తర్వాత శశిధర్ లేచాడు. అతని క్లాసులో పాముందని పిల్లలు పరుగెత్తిన రోజు అసలు లేనే లేదట. ఆ పక్క అమ్మాయి కూడా ఏదో గొణిగింది. స్టాన్లీ గొంతు సవరించుకుని, "మేడం, నేను మొదట్లో ఏడ్చింది కూడా..." అన్నాడు.

"నీది ఆ రోజే తెలుసు. ఒక కన్ను తుడుచుకుంటా ఇంకో కంటితో ఫోన్ చూసుకుంటా ఉంటివి."

ముందు నవ్వింది మేడమే. గుండ్రంగా కూర్చున్నవాళ్ళలో నవ్వు ఒక్కొక్కరికే అంటుకుని, స్టాన్లీ దాకా వచ్చి, అతను కుర్చీలో నుంచి జారేదాకా ఆగలేదు. అంతలో మేడం ఫోన్ మోగింది. ఆవిడ చూసి, ఎత్తకుండా చైత్ర చేతికిచ్చారు.

"మా ఆయన. రామయ్యగారు. నువ్వే చెప్పు."

చైత్ర ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "సార్, నేను మేడం స్టూడెంట్‌ను. చైత్ర."

"ఓ, పుల్లమ్మ మిస్సా?" అంది అవతలి గొంతు సంబరంగా. "ఎట్లుండాదమ్మా ఆ బిడ్డ? ఇప్పుడన్నా మాట్లాడిందా?"

చైత్ర మేడం వైపు చూసింది. మేడం కిటికీ వైపు చూస్తున్నారు.

"మాట్లాడింది సార్. అందరి ముందరా లేచి నిలబడి మాట్లాడింది."

"ఏం మాట్లాడింది?"

"మేడం ఇంటికొచ్చి చెప్తారు సార్, కొంచెం పొడుగుండాది," అని చైత్ర ఫోన్ తిరిగిచ్చేసింది. మేడం దాన్ని సంచిలో వేసుకుని, కుర్చీ ముందుకు జరుపుకుని, "సరే జెస్సీ, ఈ వారం నిజంగా ఏం జరిగిందో చెప్పు," అన్నారు.